ఆరేదాకా తీయకండి

నాలుగింటికి భార్య ఆసుపత్రి నుంచి వచ్చేలోపు గుమాస్తా చేయవలసిన పనులు: బాల్కనీలోని పాత సామాను లోపలికి చేర్చడం, నేల కడగడం, ఆకుపచ్చ రంగు వేయడం, కొత్త పేము కుర్చీ అక్కడ వేయడం, బావమరిదిని సలహా అడగకపోవడం.

అసలు సంగతి కుర్చీదే. ఆవిడ నర్సు. రోజంతా నిలబడే ఉద్యోగం. "ఇంటికొచ్చాక కాళ్లు చాపుకునే చోటు ఒక్కటి లేదు" అని మొన్న మామూలుగానే అంది గానీ, ఆ మాట అతని మనసులో ముల్లులా దిగబడింది. "పనివాణ్ణి పిలుద్దామండీ" అంటే మాత్రం ఒప్పుకోలేదు. "మా వంశంలో మొదటి డిగ్రీ నాది. గచ్చుకు రంగు వేయలేనా?" అన్నాడు.

ఊపులో గుమ్మం దగ్గర మొదలుపెట్టాడు. కూనిరాగం తీస్తూ వెనక్కి వెనక్కి జరిగాడు. పన్నెండింటికి పని పూర్తయింది. చూసుకుంటే తాను పిట్టగోడ మూలన, తలుపు అవతలి చివరన, మధ్యలో నిగనిగలాడే పచ్చ సముద్రం. ఫోను లోపలే ఉంది.

హాల్లో అత్తగారు రంగు డబ్బా వచ్చిన అట్టపెట్టెను తిప్పి తిప్పి చూస్తోంది. ఆవిడకు చెవి కాస్త మందం.

"అత్తయ్యగారూ! ఆరేదాకా తలుపు తీయకండి!"

"ఆరు దాకానా? అలాగే బాబూ!" అని ఆవిడ గడియ వేసేసింది.

అరగంటకు అతను రంగును వేలితో తాకి చూశాడు. అంటలేదు.

"అత్తయ్యగారూ, ఆరింది!"

ఆవిడ కిటికీలోంచి తొంగిచూసింది. "పన్నెండున్నరే బాబూ!"

"ఆరిందండీ!"

"ఆరింటికేగా, తీస్తాను."

"అయ్యో, ఆరిపోయిందండీ!"

"స్టవ్వా? ఉండండి, నేను చూస్తా" అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

గుమాస్తా పిట్టగోడ మీంచి వంగి, కుంచె ఊపుతూ వాచ్‌మన్‌ను కేకేశాడు. "అత్తయ్యగారు తలుపు తీయట్లేదు! పైకి రా!"

ఆ కేక మొదటి అంతస్తుకు 'అత్తగారు అల్లుణ్ణి గెంటేసింది' అని చేరింది. మూడో అంతస్తుకు వచ్చేసరికి అల్లుడు దూకబోతున్నాడు. అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు వెంటనే నర్సుకు ఫోన్ చేశాడు.

ఒంటిగంటన్నరకు ఆవిడ యూనిఫాంలోనే పరుగెత్తుకొచ్చింది. వెనకే అధ్యక్షుడు, వాచ్‌మన్, పై ఇంటి టీచరమ్మ.

"అమ్మా, గడియ తియ్యి!"

"ఆరు కాలేదే."

నర్సే తీసింది.

"దూకకండి! కాపురమన్నాక సర్దుకుపోవాలి!" అంటూ అధ్యక్షుడు ముందుకు ఉరికాడు. మిగతా ఇద్దరూ అతని వెంటే. పైపైన తొక్క కట్టిన రంగు కింద బురదలా ఉంది. మనుషులు ముందుకెళ్లారు, చెప్పులు అక్కడే ఉండిపోయాయి.

"ఆరిందనుకున్నా..." గుమాస్తా నసిగాడు.

అత్తగారు అట్టపెట్టె తెచ్చి చూపించింది. "నాకు అక్షరాలు రావు గానీ అంకెలొచ్చు బాబూ. ఇదిగో గడియారం బొమ్మ, పక్కన ఆరు. అందుకేగా మీరు ఆరు దాకా తీయొద్దన్నారు?"

ఆరు గంటలు ఆరనివ్వాలని ఆ బొమ్మ కింద తెలుగులో కూడా రాసి ఉంది.

సరిగ్గా ఆరింటికి నర్సు పేము కుర్చీలో కూర్చుని కాళ్లు చాపుకుంది. ఎదురుగా మూడు జతల చెప్పులు నేలకు అతుక్కుని ఉన్నాయి.

"బాగుందండీ. ఇంటికి చుట్టాలొచ్చినట్టుంది" అంది.

మీరెప్పుడైనా రంగు డబ్బా మూత తీయబోతే, ఆ అత్తగారిని ఒక్కసారి తలుచుకోండి. డిగ్రీని తర్వాత తలుచుకోవచ్చు.