పప్పుగుత్తి కంటే చిన్నది

ఆ రోజు పొద్దున నిర్మలాదేవి పెట్టుకున్న పని చాలా చిన్నది. దోసకాయ పప్పు చేయాలి. బతుకమ్మ పండుగ దగ్గర పడుతోంది కనుక అటక మీది ఇత్తడి తాంబాలాలు దింపించి తోమించాలి. పప్పు ఉడికింది. మెదుపుదామని చూస్తే పప్పుగుత్తి లేదు. పనిమనిషి కనకవ్వను అడిగితే తానెరుగనంది. వంటిల్లంతా వెతికాక అది హాల్లో, ఆమె భర్త ఉపేందర్‌రావు ధోవతి ముడిలో దొరికింది. ఆయన దాన్ని నడుముకు దోపుకుని, పైన బుష్‌కోటు కప్పుకుని, కిటికీ నుంచి తలుపు దాకా, తలుపు నుంచి కిటికీ దాకా నడుస్తున్నాడు.

"ఏందిది?"

"జర మెల్లగ మాట్లాడు. రివాల్వరు."

"అది పప్పుగుత్తి."

"గిప్పటికి పప్పుగుత్తే. ఐతారం నాటికి రివాల్వరైతది."

నిర్మలాదేవి బీయే చదివింది. అందుకని గుత్తి లాక్కునే ముందు కారణం అడిగింది.

కారణం, ఆయనకు లైసెన్సు వచ్చింది. ఎనభైల్లో ఆ జిల్లాలో పల్లెల దొరలు ఒక్కొక్కరే పెద్దిళ్లకు తాళాలు వేసుకుని కరీంనగర్‌లో అద్దె ఇళ్లకు చేరుతున్న రోజులవి. కొందరి పేర్లు నక్సలైట్లు రాసిన ఎర్ర అక్షరాలతో గోడల మీద కనిపించాయి. ఉపేందర్‌రావు పేరు ఏ గోడ మీదా ఎవరూ రాయలేదు. అది ఆయనకు ఒకపక్క ధైర్యం, చుట్టాల్లో కూర్చున్నప్పుడు మాత్రం కాస్త చిన్నతనం.

ఆయన అసలు భయం గోడల మీద లేదు. అది అంజన్న. ఆ సంగతి ఆయన నిర్మలాదేవికి ఒక్కదానికే చెప్పాడు.

హుస్నాబాద్ దాటాక వాళ్ల ఊరు. అక్కడ ఉపేందర్‌రావు చెలకను, ఆ మెట్ట చేనును, అంజన్న పంటలో పాలుకు చేసేవాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బావిలో ఈత నేర్చుకున్నారు. ఒక సాయంత్రం పోలీసులు అంజన్న తమ్ముణ్ణి జీపులో ఎక్కించుకుపోయారు. అంజన్న పరుగెత్తుకుంటూ వచ్చి, "దొరా, మీరొక్క మాట చెప్తె ఇడిచిపెడ్తరు" అన్నాడు. "పొద్దుగాల పోదాం తియ్యి" అన్నాడు ఉపేందర్‌రావు. పొద్దుగాల మొదటి బస్సుకు పెళ్లాంతో సహా కరీంనగర్ వచ్చేశాడు. తమ్ముడు కొన్నాళ్లకు ఇంటికి చేరాడు గాని ఒక కాలు మళ్లీ వంగలేదు. అప్పటి నుంచి అంజన్న ఈ గడప తొక్కలేదు.

"నన్ను ఎవలన్న ఏమన్న చేస్తె గాయిననే చేస్తడు. చేసినా తప్పు లేదు" అన్నాడు ఉపేందర్‌రావు ఒకసారి భార్యతో. అయినా ప్రతి దసరాకు జమ్మి ఆకు పంచుకునే వేళ, "ఊరి నుంచి ఎవలన్న వచ్చిండ్రా?" అని కనకవ్వను అడిగేవాడు. కనకవ్వదీ ఆ ఊరే. ఎవలన్న అంటే ఎవరో ఆమెకూ తెలుసు. "రాలే దొరా" అనేది.

మధ్యాహ్నం నిర్మలాదేవి అన్న జైపాల్‌రావు వచ్చాడు. ఆయన దగ్గర జోడు గొట్టాల తుపాకి ఉంది. అది జీపులో ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చునేది.

"నాదంటే పదిమందికి కనవడేందుకే బావా," అన్నాడు, "నీది గట్ల గాదు. ఒంటి మీద ఉండాలె, ఉన్నట్టు పిట్టకు గూడ తెల్వద్దు. హైదరాబాద్‌ల దుకాణపాయన మూడు చూపిచ్చిండు. ఒకటి పొడుగు, గీ పప్పుగుత్తంత. ఒకటి బొద్దుగ, చెంబు లెక్క. ఇంకోటి చిన్నది, సాపుగ, వక్కల డబ్బంత."

"పొయ్యేముందే ఏది దాగుతదో చూసుకుంట" అన్నాడు ఉపేందర్‌రావు.

అలా పరీక్షలు సాగాయి. పప్పుగుత్తి నడకలో నెగ్గింది గాని భోజనం దగ్గర ఓడింది. కూర్చోగానే డొక్కలో పొడిచి, ముద్దకొకసారి ఆయన చేత 'హమ్మా' అనిపించింది. చెప్పుల కోసం వంగితే ఎగిరి దొర్లుకుంటూ పోయి కనకవ్వ చీపురు దగ్గర ఆగింది.

"దొరా, గిది వంటింట్లది గదా?"

"నడుం నొస్తున్నదే. దాంతోని ఒత్తుకుంటున్న."

అది తుపాకి కోసం ఆయన ఆడిన మొదటి అబద్ధం. చిన్నదే, వక్కల డబ్బంత.

చెంబు ఎక్కువసేపు నిలవలేదు. బుష్‌కోటు కింద దాన్ని దోపుకుని ఆయన ఎదురుగా నిలబడితే, నిర్మలాదేవి కింది నుంచి మీదికి ఒకసారి చూసి, "ఎన్నో నెల?" అంది.

వక్కల డబ్బా మాత్రం మహా బుద్ధిమంతురాలు. నడిచినా, వంగినా, పీట మీద కూర్చున్నా కిక్కురుమనలేదు. ఆయన దానితో రిక్షా ఎక్కి టవర్ సర్కిల్ దాకా పోయి వచ్చాడు. ఒక్కరూ తిరిగి చూడలేదు. చిన్న పిస్తోలే ఖాయమైంది.

"గది పేలిస్తె పిల్లి గూడ బెదరది" అని పెదవి విరిచాడు జైపాల్‌రావు.

"పేల్చేందుకు గాదు బావా. ఉన్నదని ధైర్యానికి."

హైదరాబాద్ నుంచి పిస్తోలు వచ్చాక ఒక సంగతి బయటపడింది. వక్కల డబ్బాలో వక్కలుంటాయి, పిస్తోలులో ఇనుముంటుంది. కొలత చూశారు గాని బరువు ఎవరూ చూడలేదు. దోపిన గడియకల్లా ధోవతి జారడం మొదలైంది. ఆయన కుడిచెయ్యి నడుం మీద నుంచి తీయడం మానేశాడు. చూడలేక నిర్మలాదేవి తన ఊదారంగు రవికలో మిగిలిన ముక్కతో, జరీ అంచు కూడా కలిసొచ్చేలా, ఒక సంచి కుట్టి లంగా నాడాతో ఆయన నడుముకు కట్టింది. ధోవతి నిలిచింది. మనిషి మాత్రం కుడివైపుకు వాలిపోయాడు.

కనకవ్వ ఆలోచించింది. నడుం నొప్పి, పప్పుగుత్తి, కుడిపక్క చెయ్యి, వాలిన నడక. వాకిలి ఊడవడం పూర్తయ్యేసరికి రోగం తేల్చేసింది. "కిడ్నీల రాయి" అని పక్కింటి రుక్మాబాయికి చెప్పింది. సాయంత్రానికి రుక్మాబాయి బార్లీ నీళ్లతో వచ్చింది. మర్నాడు వీధి వీధంతా వచ్చింది. రిక్షావాళ్లు ఆయన్ని గుంతలు తప్పించి తీసుకుపోసాగారు.

"నాకే రోగం లేదని చెప్పేస్త" అన్నాడు ఉపేందర్‌రావు.

"పాగల్ పని చెయ్యకు!" అన్నాడు జైపాల్‌రావు. "రాయి అనుకోనియ్యి. తుపాకి అనుకుంటలేరు గద! మరి చెయ్యి ఎందుకు పెట్టుకున్నవంటె ఏం చెప్తవు?"

ఆయన రాయినే ఒప్పుకున్నాడు. ఒకసారి ఒప్పుకున్న రోగిని కరీంనగర్ అంత తేలిగ్గా వదలదు. ఇంటింటి నుంచీ ఉలవచారు వచ్చింది. టమాట వద్దన్నారు. చివరికి రుక్మాబాయి వంకాయ కూడా వద్దంది. పిస్తోలు కొన్నందుకు తనకు గుత్తి వంకాయ కూర పోతుందని లైసెన్సులో ఎక్కడా రాయలేదే అని ఆయన నిట్టూర్చాడు.

సద్దుల బతుకమ్మకు కనకవ్వ ఊరికి పోయింది. కరీంనగర్‌లో బస్సెక్కినప్పుడు చింతగింజంత ఉన్న రాయి హుస్నాబాద్ బస్టాండులో నిమ్మకాయంత అయింది. ఊరు చేరేసరికి డాక్టర్లు చేతులెత్తేశారు.

దసరా సాయంత్రం వీధివాళ్లు జమ్మి ఆకు తెచ్చి, మంచం మీద వాలి ఉన్న ఆయన చేతిలోనే "బంగారం" అని పెట్టి పోయారు. రాయి కదులుతుందేమోనని ఒక్కరూ కౌగిలించుకోలేదు.

తెల్లవారి నిర్మలాదేవి వాకిట్లో నిలబడి ఉండగా గేటు ముందు రిక్షా ఆగింది. దిగిన మనిషి భుజాన సంచి, పిడికిట్లో ఆకులు. తల నెరిసింది.

ఆమె లోపలికి పరుగెత్తుకు వచ్చేసరికే ఉపేందర్‌రావు కిటికీ దగ్గర లేచి నిలబడి ఉన్నాడు.

"వచ్చిండు నిర్మలా. అంజన్న వచ్చిండు."

"చూసిన. పోండ్రి మరి." ఆమె చెయ్యి చాచింది. "అది తీసి నాకియ్యుండ్రి."

ఆయన చెయ్యి నాడా ముడి దాకా పోయింది. అక్కడే ఆగింది.

"ఏమో…"

"ఏం ఏమో?"

"ఇన్నేండ్లకు వచ్చిండు. ఎందుకొచ్చిండో."

ఆయన బుష్‌కోటు కిందికి లాక్కుని బయటికి నడిచాడు. ఆమె ఇంకోసారి అడిగి ఉంటే ఇచ్చేవాడే. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని ఆమె వంటింట్లోకి పోయింది. పాలు నిజంగానే పొంగుతున్నాయి. అయినా ఆ తర్వాత చాలా ఏళ్లు, పాలు పొంగినప్పుడల్లా ఆమెకు ఆ అడగని మాట గుర్తొచ్చేది.

వరండాలో అంజన్న కాళ్లకు మొక్కబోతే ఉపేందర్‌రావు భుజాలు పట్టి ఆపాడు.

"కాళ్లు గాదు అంజన్నా."

"మరి?"

"అలాయ్ బలాయ్."

అంజన్న ఒక్క క్షణం చూశాడు. తర్వాత రెండు చేతులూ చాచి గట్టిగా కౌగిలించుకున్నాడు. "నేను గా పొద్దు…" అని ఉపేందర్‌రావు మొదలుపెట్టాడు.

"ఊకో దొరా. పానం మంచిగ లేనప్పుడు గవన్ని ఎందుకు?" అంటూ అంజన్న ఆయన వీపు నిమిరాడు. నిమురుతూ నిమురుతూ చెయ్యి కుడి నడుముకు వచ్చింది.

"అవ్వో! గింత పెద్దగున్నదా రాయి! చేతికి తల్గుతున్నది గద దొరా!"

చాయ పళ్లెంతో గడపలోకి వచ్చిన నిర్మలాదేవి అక్కడే నిలబడిపోయింది.

"నొస్తున్నదా?" అంజన్న నెమ్మదిగా, నొప్పి తెలియకుండా, వేళ్లతో రాయిని తడిమాడు. ఒక పక్క సాపుగా ఉంది. ఇంకో పక్క మూల ఉంది. ఆ మూల కింద వేలు పట్టేంత కంత ఉంది. మనిషి ఒంట్లో పెరిగే రాయికి అలాంటి కంత ఉండదు.

అంజన్న చేతులు కిందికి జారాయి.

పరీక్షలన్నీ నిర్మలాదేవికి ఒక్కసారిగా కళ్ల ముందు కదిలాయి. నడిచి చూశారు, వంగి చూశారు, కూర్చుని చూశారు. ఎవరైనా దగ్గరికి తీసుకుంటే ఎలా ఉంటుందో మాత్రం చూడలేదు.

"డాక్టరేమన్నడు?" అన్నాడు అంజన్న, నేలను చూస్తూ.

"ఏం… ఏం గాదన్నడు."

"మంచిది. పానం మంచిగున్నది గదా, గంతే సాలు."

చాయ నిలబడే తాగాడు. భుజం మీది సంచి తీసి నిర్మలాదేవి ముందు పెట్టాడు.

"ఉలువలు దొరసానీ. మన చెల్కల పండినయే. రాయికి మంచిదన్నరని తెచ్చిన." మెట్లు దిగబోతూ ఆగాడు. "ఉంచుండ్రి. రాయి లేకపోయినా చారు మంచిగుంటది."

పిడికిట్లోని జమ్మి ఆకులు అప్పటికే నలిగిపోయాయి. వాటిని దొర చేతిలో పెట్టి, "బంగారం" అని చెప్పి, రిక్షా ఎక్కాడు.

రిక్షా మలుపు తిరిగేదాకా ఉపేందర్‌రావు కదల్లేదు. తర్వాత ఒక్కసారిగా పరుగు తీశాడు. "అంజన్నా, ఆగు!" అని అరుస్తూ, పిస్తోలు పట్టుకున్న చేత్తో, కుడికి వాలిపోయి పరుగు. వీధివాళ్లు ఇళ్లలోంచి ఉరికొచ్చారు.

"రాయితోని ఉరుకుతరా! పానం మీద తీపి లేదా మీకు?" అని రుక్మాబాయి అడ్డం తిరిగింది. నలుగురూ ఆయన్ని భుజాల దగ్గర, మోకాళ్ల దగ్గర, కుడిపక్క తగలకుండా ఎంతో జాగ్రత్తగా ఎత్తుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. వద్దని ఆయన మొత్తుకున్నకొద్దీ నొప్పి ఎక్కువైందనుకుని బార్లీ నీళ్లు పట్టించారు. అప్పటికి హుస్నాబాద్ బస్సు మానేరు వంతెన దాటిపోయి ఉంటుంది.

మర్నాడు కనకవ్వ ఊరి నుంచి తిరిగొచ్చింది. రాగానే గడపలోనే అడిగింది.

"ఏంది దొరా, అంజన్నతోని పోలేదా?"

"యాడికి?"

"ఊరికి! గాయిన చెప్పలేదా? దొర ఆఖరి దినాలు సొంతింట్ల ఉండాలె, ఎవ్వలు ఏమనద్దని ఇల్లిల్లు తిరిగిండు. అడగాల్సినోళ్లందర్ని అడిగిండు. సరే అన్నరు. తమ్ముని తోటి పెద్దిల్లు ఊడ్పిచ్చి సున్నం ఏయించిండు. గా కాలుతోనే నిచ్చెనెక్కిండు గా పిల్లగాడు. దసరా తెల్లారి తోలుకొస్త అని పోయిండు. ఉత్తగ తిరిగొచ్చిండేంది మరి?"

వంటింట్లో నిర్మలాదేవి ఉలవలు ఏరుతోంది. వాటిల్లో రాళ్లేమీ లేవు.

పిస్తోలు బీరువాలోకి, పట్టుచీరల అడుగుకు చేరింది. ఊదారంగు సంచి మాత్రం ఆమె మళ్లీ వాడలేదు. పది రోజులు పోయాక జైపాల్‌రావు వచ్చి, గొంతు తగ్గించి, "ఏం బావా, ఎవలన్న పసిగట్టిండ్రా?" అని అడిగాడు.

ఎంపికలో లోపమేమీ లేదని ఉపేందర్‌రావుకు ఒప్పుకోక తప్పలేదు: కరీంనగర్ మొత్తంలో ఆ పిస్తోలును పసిగట్టింది ఒక్కడే, ఆయన్ని కౌగిలించుకున్నవాడు.