బావమరిది గారి హోటల్‌కి ఫ్రెంచి పేరు

ఊళ్ళో బోర్డులన్నీ మాతృభాషలోనే ఉండాలని ఉత్తర్వు ఇచ్చిన కొద్దిరోజులకి, మాతృభాషాభివృద్ధి శాఖ మంత్రిగారు పత్రికలవాళ్ళని పిలిచి, తన బావమరిది తెరవబోయే కాఫీ హోటల్‌కి ఫ్రెంచి పేరు పెడుతున్నట్టు ప్రకటించారు. పరభాషని ఒక్క తప్పు లేకుండా రాయడం మాతృభాష మీద గౌరవం ఉన్నవాళ్ళకే సాధ్యమన్నారు. ఆ హోటల్ మీదేనటగా అని ఒక విలేకరి అడిగితే, అది ఎవరిదో పేరే చెబుతుంది, అనుమానమున్నవాళ్ళు వచ్చి బోర్డు చదువుకోవచ్చన్నారు. పక్కనున్న పీఆర్ఓ భుజం మీద చెయ్యేసి, మావాడికి ఫ్రెంచి కొట్టిన పిండి అని కూడా అన్నారు.

పీఆర్ఓ నవ్వి ఊరుకున్నాడు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు, 'తెలిసిన భాషలు' అన్నచోట ఖాళీ వదిలితే బాగుండదని ఫ్రెంచి అని రాశాడు. కాలేజీలో మార్కులు బాగా పడతాయని ఆ భాష తీసుకున్నమాట నిజమే. మార్కులు పడ్డాయి. పడ్డాక భాష వెళ్ళిపోయింది. కుటుంబం గురించిన పాఠం ఒక్కటే ఎందుకో బుర్రలో ఉండిపోయింది.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పుకున్నాడు. పెళ్ళిచూపుల్లోనూ ఫ్రెంచి వచ్చనే చెప్పారు, మా నాన్న నమ్మగా లేంది మంత్రిగారు నమ్మితే వింతేముంది అని ఆవిడ బట్టలు మడతపెట్టుకుంది. ఫోన్‌లో చూసి చెప్పొచ్చుగా అంది. ఫోన్‌లో చూసుకునేట్టయితే మంత్రిగారికి నేనెందుకు అన్నాడు. అన్నాక ఆ మాటకి తనే భయపడ్డాడు.

మర్నాడు మంత్రిగారి దగ్గర జరిగిన సమావేశంలో 'షే లె బో ఫ్రేర్' అని ప్రతిపాదించాడు. అంటే బావమరిది గారి దగ్గర. బో అంటే అందమైన, ఫ్రేర్ అంటే సోదరుడు, వాళ్ళ భాషలో బావమరిదిని అలాగే అంటారని వివరించాడు. బావమరిది బీరువా అద్దంలో ఒకసారి చూసుకుని, వాళ్ళది చాలా పరిశీలన ఉన్న జాతి అన్నాడు. 'లె' అనేది పుంలింగమని తెలిసి పార్టీ మహిళా విభాగం అధ్యక్షురాలు అభ్యంతరం చెప్పింది. బావమరిది కూడా పుంలింగమేనని అధికారులు ధ్రువీకరించాక శాంతించింది.

చివర్న, ఫ్రెంచి లిపిలో రాసేటప్పుడు ఫ్రేర్ అన్న మాటలో ఒక అక్షరం నెత్తిన చిన్న గీత ఉండాలన్నాడు పీఆర్ఓ.

"ఎటు వాలుతుంది?" అన్నాడు పార్టీ జిల్లా అధ్యక్షుడు.

"ఎడమకి."

వామపక్షంతో పొత్తు ఈమధ్యే తెగింది. కుడికి వాల్చమన్నాడు అధ్యక్షుడు. నిటారుగా నిలబెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదన్నారు శాఖ కార్యదర్శిగారు. పీఆర్ఓ తల ఊపబోయాడు, అది అతనికి అలవాటే. కానీ పరీక్షలో సరిగ్గా ఆ గీత దగ్గరే అతనికి మార్కు పోయింది.

"వాలకపోతే తప్పవుతుందండీ," అన్నాడు. ఆ గొంతు తనదేనా అని అతనికే అనుమానం వచ్చింది. తర్వాత ఉద్యోగం గుర్తొచ్చి, పేరు అద్దం తలుపు మీద రాయిస్తే లోపల కూర్చున్నవాళ్ళకి గీత కుడికే వాలి కనిపిస్తుందని కలిపాడు.

బయటివాళ్ళకి ఎడమ, మనవాళ్ళకి కుడి, మన పార్టీ విధానమే అది అని మంత్రిగారు సంబరపడ్డారు. పీఆర్ఓ ఆ పూట పండితుడిలా చేతులు వెనక్కి కట్టుకుని ఇంటికి నడిచాడు.

ప్రారంభోత్సవానికి ఫ్రెంచి వాణిజ్య ప్రతినిధి ఒకావిడ వచ్చింది. తలుపు ముందు నిలబడి అక్షరం అక్షరం చదివి, ఒక్క తప్పు లేదంది. చప్పట్లు మోగాయి. పీఆర్ఓకి కళ్ళు చెమర్చాయి. చప్పట్లు ఆగాక ఆవిడ మర్యాదగానే ఇంకోమాట అడిగింది.

"బావమరిది గారి దగ్గర. బాగుంది. ఎవరి బావమరిది?"

బావమరిది వినయంగా మంత్రిగారి వైపు చూశాడు. కెమెరాలూ అటే తిరిగాయి. మంత్రిగారు పీఆర్ఓ వైపు చూశారు. ఫ్రెంచి వ్యాకరణం ప్రకారం ఆ వివరం చెప్పనక్కర్లేదండీ అన్నాడు పీఆర్ఓ.

తెల్లారి పత్రికలన్నీ, ఎవరిదో పేరే చెబుతుందన్న మంత్రిగారి మాట పక్కనే, ఆవిడ ప్రశ్నని పతాకశీర్షికగా వేశాయి. ఆ వారాంతానికి మంత్రిగారు అనారోగ్య కారణాల వల్ల పదవి నుంచి తప్పుకున్నారు. పీఆర్ఓ సొరుగు ఖాళీ చేసుకుని, భాషాపరంగా మాత్రం నేనే తప్పూ చెయ్యలేదని భార్యతో అన్నాడు.

కొత్త మంత్రిగారు వచ్చీరాగానే అతన్ని పిలిపించారు. రాజీనామా జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఆయన కూర్చోమన్నారు.

"ఫ్రెంచి వచ్చింది నీకేనటగా. మేనల్లుణ్ణి ఏమంటారయ్యా?"

"నెవో అంటారండీ. వాళ్ళలో అక్క కొడుకైనా తమ్ముడి కొడుకైనా ఒకటే మాట."

ఆయన మొహం విప్పారింది. తమ్ముడు కూడా తన కొడుకు గురించి పోరుతున్నాడట. అయితే ఇద్దరుంటే ఏమంటారని అడిగారు.

"చివర ఒక అక్షరం చేరుతుందండీ. రాస్తే కనిపిస్తుంది, పలికితే వినపడదు."

కొత్త మాతృభాషాభివృద్ధి శాఖ మంత్రిగారు లేచి, తలుపు దగ్గరగా వేసి వచ్చి, తన కుర్చీ పీఆర్ఓ పక్కకి జరుపుకున్నారు.

"మన భాషలో ఇంత సౌకర్యం లేదయ్యా," అన్నారు.