వాగ్న్ చివరి ప్రయాణానికి ఉక్కు చైన్లు

గ్రేటె ఆ ఉదయం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పది గంటలకు భర్త వాగ్న్ చితాభస్మం ఉన్న కలశాన్ని భూమిలో దించాలి. పదకొండింటికి వచ్చినవాళ్లకు కాఫీ, వెన్న రాసిన రొట్టెలు పెట్టాలి. పన్నెండింటికి తలుపు వేసుకోవాలి. ఈ మధ్యలో ఎక్కడైనా ఆయనతో అయిదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలి. ఆస్పత్రిలో చివరి మూడు వారాలూ ట్యాంకు క్లబ్బు వాళ్లు వంతులు వేసుకుని మంచం చుట్టూ కూర్చోవడంతో ఆమెకు ఆ అయిదు నిమిషాలు దొరకలేదు.

ట్యాంకంటే రిమోటుతో నడిచేదే. అసలు యుద్ధట్యాంకులో ఆరో వంతు ఉంటుంది. మీటరుకు పైగా పొడవు, ఎనభై కిలోల బరువు. వాగ్న్ దాన్ని పదకొండేళ్లపాటు భోజనాల బల్ల మీద కట్టాడు. సమాధి దాకా తనను అదే మోసుకెళ్లాలని ఆయన చివరి కోరిక. గ్రేటె మాట ఇచ్చింది.

సెప్టెంబరులో నడిపి చూస్తే సమాధుల తోట కంకర దారిలో చక్రాల చుట్టూ తిరిగే ప్లాస్టిక్ చైను రెండుసార్లు తెగింది. క్లబ్బు పెద్ద ప్రెబెన్ ఉక్కు చైన్లు బిగించాడు. చైన్లు బరువయ్యాయని మోటార్లు మార్చాడు. మోటార్లు పెద్దవయ్యాయని బ్యాటరీలు మార్చాడు. అదంతా గ్రేటె బల్ల మీదే జరిగింది. ఆరు వారాలు ఆమె వంటగదిలో నిలబడి తింది. వాగ్న్ అంత్యక్రియల ఆఫీసు అలమరాలో ఎదురుచూశాడు.

"ఇక ఇది దేనికీ ఆగదు," అన్నాడు ప్రెబెన్ చేతులు తుడుచుకుంటూ.

"గొయ్యి దగ్గర ఆగాలి కదయ్యా."

"అది నాకొదిలెయ్."

కలశాన్ని తాళ్లతో కట్టేద్దామని కూడా అతను అన్నాడు. సామాను తోలుతున్నట్టుంటుందని గ్రేటె ఒప్పుకోలేదు.

నవంబరు పొగమంచులో పదింటికి ట్యాంకు బయలుదేరింది. కలశం దాని నెత్తిన కూర్చుంది. వెనక గ్రేటె, క్లబ్బు ముసలివాళ్లు అయిదుగురు, తోట చూసే బెంటె నడిచారు. సన్నగా జల్లు పడుతోంది. అంతా గంభీరంగానే ఉంది, బెంటె వెనక్కి తిరిగి చూసేదాకా.

ఆ తోటలో కంకరను దంతెతో దువ్వి గీతలు తీర్చి ఉంచుతారు. వచ్చినవాళ్లు వెళ్లేటప్పుడు తమ అడుగులు చెరిపి మరీ వెళ్లాలి. ఉక్కు చైన్లు అక్కడ జానెడు లోతున రెండు కాలువలు తవ్వాయి.

"శనివారమంతా దువ్వానండీ దీన్ని," అంది బెంటె మెల్లగా. ఆ ఊళ్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

క్లబ్బు వాళ్లకు తల కొట్టేసినట్టయింది. గొయ్యి నాలుగడుగుల దూరంలో ఉండగా ట్యాంకును ఆపి, కుళాయి దగ్గర వేలాడే దంతెలు తెచ్చుకుని, వంగి దువ్వడం మొదలుపెట్టారు. ప్రెబెన్ కూడా రిమోటును పక్కనున్న సమాధి రాయి మీద పెట్టి, తడవకుండా తన బరువైన కోటు కప్పి, దంతె అందుకున్నాడు. కోటు బరువుకు రిమోటు మీట ముందుకు ఒరిగింది.

ట్యాంకు కదిలింది. పక్కనున్న మోకాలెత్తు పొదల కంచెను ఎక్కి దిగింది. దిగినప్పుడు కలశం జారి, మెత్తగా గడ్డిలో గ్రేటె కాళ్ల దగ్గర పడింది. మూత ఊడలేదు. తల వంచుకుని దువ్వుతున్నవాళ్లు అది చూడలేదు. వాళ్లు తలెత్తేసరికి ట్యాంకు పొగమంచులో కలిసిపోతోంది.

"వాగ్న్ వెళ్లిపోతున్నాడు," అన్నాడొకడు.

అందరూ దంతెలతో పరుగెత్తారు. చలికాలానికని మూడు వారాలు కష్టపడి సమాధుల మీద పచ్చని ఫర్ చెట్ల కొమ్మలు పరిచింది బెంటె. ట్యాంకు వాటి మీదుగా పోతున్న చప్పుడు విని ఆమె కూడా పరుగెత్తింది.

"ఆపరా దాన్ని."

"రిమోటేదీ?"

"కోటు కింద పెట్టాను."

"కోటేదీ?"

"రాయి మీద."

"ఏ రాయి?"

తోటలో ఎనిమిది వందల రాళ్లున్నాయి. పొగమంచులో అన్నీ ఒకేలా కనిపించాయి.

కోటు గ్రేటె చేతికందేంత దూరంలో ఉంది. ఆమె దానివైపు చూసింది. తర్వాత కలశాన్ని ఎత్తుకుని, గొయ్యి పక్కన తడి గడ్డి మీద మోకాళ్లూనింది.

"బాయిలరు బాగు చేయించాను," అంది. "పళ్ల డాక్టరుకి ఫోన్ చేసి నువ్విక రావని చెప్పాను. ఎందుకని అడిగింది ఫోనెత్తిన పిల్ల. చెప్పలేక, ఊరెళ్లావన్నాను."

దూరంగా ఏదో విరిగింది. ఎవరో సారీ చెప్పారు, ఎవరికో తెలియదు. గ్రేటె ఇంకా చాలా చెప్పింది, కొన్ని పాత కోపాలు కూడా. చెప్పడం అయిపోయాక కలశాన్ని గొయ్యి అంచున సిద్ధంగా ఉంచిన వలతాడులో పెట్టి, తొందరపడకుండా దించింది. పిడికెడు మట్టి వేసింది. లేచి, మోకాళ్లు దులుపుకుని, రిమోటు మీంచి కోటు పైకెత్తింది. చప్పుడు ఆగిపోయింది.

చాలాసేపటికి ముసలివాళ్లు రొప్పుతూ వచ్చారు.

"గ్రేటె," అన్నాడు ప్రెబెన్. "ట్యాంకు దొరికింది. వాగ్న్ మాత్రం... అన్ని పొదలూ వెతికాం."

"ఆయన ఎక్కడుండాలో అక్కడే ఉన్నాడు."

ప్రెబెన్ గోతిలోకి చూశాడు. బెంటె వదులుగా పడున్న తాడును చూసి, చుట్ట చుట్టి చేతిలోకి తీసుకుంది. ప్రెబెన్ కళ్లు తుడుచుకున్నాడు.

"చైన్లు మాత్రం తెగలేదు చూశావా," అన్నాడు చివరికి. "గేర్ల పళ్లే విరిగాయి. ఉక్కువి వేసి మళ్లీ నడిపి చూడాలి."

"చూసుకోండి," అంది గ్రేటె. "ఈసారి మాత్రం ఆయన్ని పిలవకండి."