మంచం కింద డబ్బాలు

ఆ ఆదివారం పొద్దున దేవకమ్మ మంచాల కింద చిమ్ముదామనుకుంది. అంతకు మించి ఆమెకు ఏ దురుద్దేశమూ లేదు. కొడుకు భానుచందర్ మంచం కింద చీపురు పెట్టగానే ఏడు ఖాళీ డబ్బాలు గలగలా బయటికొచ్చాయి. వెండి రంగు రేకు డబ్బాలు, మీద ఇంగ్లీషు అక్షరాలు. వాటి వెనకే ఇంకా మూత తీయని డబ్బా ఒకటి, చింపేసిన మురుకుల పొట్లాలు. దేవకమ్మ చీపురు అక్కడే వదిలేసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

భానుకు ఇరవై రెండేళ్ళు. పద్నాలుగో ఏట షుగర్ వచ్చింది, అప్పటి నుంచి పూటపూటా ఇన్సులిన్ సూది వేసుకుంటాడు. తెల్లారితే తిరుపతిలో ఉద్యోగంలో చేరాలి, అక్కడే గది తీసుకుని ఉండాలి. ఒంటరిగా ఉంటే వాడు తిండి సరిగ్గా చూసుకోడని తండ్రి మునికృష్ణ నెల రోజులు నానబెట్టి, నిన్ననే సరేనన్నాడు. ఆయనకూ షుగరే, కాకపోతే నడివయసులో వచ్చిన రకం. నోరు కట్టుకోవడం ఎలాగో తనను చూసి నేర్చుకోమని తమ ఊరు ఐరాలలో కనిపించిన ప్రతివాళ్ళకీ చెబుతుంటాడు.

దేవకమ్మ పక్కింట్లో ఉన్న తమ్ముడు చిన్నబ్బను పిలిచింది. ఈ విషయాల్లో అతను అనుభవజ్ఞుడు. రెండేళ్ళ కిందటే కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేసి తాగుడు మానేశాడు. డబ్బాను అటూ ఇటూ తిప్పి, ఒకసారి వాసన చూసి తీర్పు చెప్పాడు.

"బీరే అక్కా. నేను మానేసినాక వచ్చిన కొత్త సరుకు."

నిజానికి అది చక్కెర లేని కూల్‌డ్రింకు. ఎప్పుడన్నా ఒకటి తాగితే పరవాలేదు, దాహానికి నీళ్ళే మేలు అని చిత్తూరు డాక్టరమ్మ భానుకు చెప్పింది. 'ఎప్పుడన్నా' అంటే రోజూ అని వాడు అర్థం చేసుకున్నాడు. పైగా తాగేదాంట్లో చక్కెర మిగిలింది కదా అని ఆ లాభాన్ని మురుకుల్లో ఖర్చుపెట్టాడు. అమ్మ తిడుతుందని దాచాడు. అడిగితే చెప్పేవాడే. అయితే తాగేవాణ్ణి ఇంట్లో అడిగితే ఒప్పుకోడని, దేవుడి ముందే అడగాలని చిన్నబ్బ తేల్చేశాడు. కాణిపాకంలో నిలబడి అబద్ధమాడే ధైర్యం ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు మరి.

ఉద్యోగంలో చేరేముందు ఒక ప్రమాణం చెయ్యాలని దేవకమ్మ కొడుకుతో చెప్పింది. తిండి సంగతేమో అనుకుని భాను సంతోషంగా ఒప్పుకున్నాడు. అప్పటికే పొద్దుటి సూది వేసుకున్నాడు. తాను పరగడుపునే చేశాను కాబట్టి మేనల్లుడూ అలాగే చెయ్యాలని చిన్నబ్బ పట్టుబట్టాడు. అరగంటలో వచ్చి ఇడ్లీ తినొచ్చులే అనుకున్నాడు భాను. ప్యాంటు విప్పించి పంచె కట్టించారు. షుగర్ పడిపోతే చప్పరించడానికి ఎప్పుడూ వెంట ఉండే గ్లూకోజు బిళ్ళలు ప్యాంటు జేబులోనే ఉండిపోయాయి. దేవకమ్మ మొగుడికీ సంగతి చెప్పి, సాక్ష్యానికని నిండు డబ్బాను సంచిలో వేసుకుంది. నలుగురూ కాణిపాకం బయల్దేరారు.

ఆదివారం క్యూ కదలనే లేదు. గంటన్నర గడిచేసరికి భాను చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమట పట్టింది, మాట తడబడింది. ముందున్న పెద్దాయన భుజమ్మీద వాలిపోయాడు.

"సూడు బావా, పొద్దున్నే ఏసుకోని వచ్చినాడు" అన్నాడు చిన్నబ్బ.

మునికృష్ణకు మండిపోయింది. "తిరపతీ లేదు, ఉద్యోగమూ లేదు. ఇంటికి పద" అన్నాడు.

"అమ్మా, తియ్యంది ఏమన్నా ఇయ్యి. షుగర్ పడిపోతాండాది" అన్నాడు భాను.

ఆ మాట వినగానే దేవకమ్మ ప్రమాణం, పరువు అన్నీ మర్చిపోయింది. బీరైతేనేం, బిడ్డ బతికితే చాలనుకుని సంచిలోంచి డబ్బా తీసి నోటి దగ్గర పెట్టింది.

"అది పనికిరాదమ్మా. దాంట్లో చక్కెర లేదు. అది డైట్ డ్రింకు."

ప్రసాదం అమ్మేచోటు క్యూ కమ్మీలకు అవతల ఎక్కడో ఉంది. అప్పుడు మునికృష్ణ చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి, బెల్లం ముక్క కొడుకు నోట్లో పెట్టాడు. ఇంకొంచెం కావాలని భాను సైగ చేశాడు. ఆయన పంచె మడతలోంచి ఇంకో ముక్క తీశాడు. తర్వాత తువ్వాలు కొసన ముడి విప్పాడు.

పావుగంటలో భాను తేరుకుని నిటారుగా నిలబడ్డాడు. డబ్బాల సంగతి, మురుకుల సంగతి మొత్తం చెప్పేశాడు. చిన్నబ్బ డబ్బా మూత తీసి ఒక గుక్క తాగి, కూల్‌డ్రింకేనని ఒప్పుకున్నాడు. దేవకమ్మ కొడుకు తల నిమిరి, ఊపిరి పీల్చుకుని, నెమ్మదిగా మొగుడి వైపు తిరిగింది.

"బిడ్డకు ఎప్పుడన్నా అవసరమైతాదని పెట్టుకోనుండా" అన్నాడు మునికృష్ణ.

దేవకమ్మ తువ్వాలు ముడిలో మిగిలిన ముక్కను వేళ్ళతో పట్టుకుని ఆయన ముందు పెట్టింది.

"మరి ఈ కొరికిన గుర్తు ఎవురిది?"

వినాయకుడి ముందుకు చేరాక ఆవిడ ముందుకు తోసింది మొగుణ్ణి. ఆయన చెయ్యి చాపి బెల్లం ముట్టనని ప్రమాణం చేశాడు. మురుకులు తగ్గిస్తానని, పంచె కట్టినా బిళ్ళలు మర్చిపోనని భాను అడగకుండానే చెప్పాడు. బయటికొచ్చాక దేవకమ్మ తన తీర్పు తాను చెప్పింది.

"రేపు వాడు తిరపతికి పోతాడు. ఒంట్లో తేడా వస్తే ఏం కావాల్నో వానికి తెలుసు. నువ్వే ఈడ నా కండ్ల ముందర ఉండు."

ఇంటికొచ్చి అందరికీ ఇడ్లీలు పెట్టి, ఆవిడ పొద్దున వదిలేసిన చీపురు తీసుకుని మునికృష్ణ మంచం కింద పెట్టింది. ఈసారి డబ్బాలు రాలేదు, చీమలు వచ్చాయి.