రెండు రింగులు మింగిన పెట్టె

మన వీధుల్లోని టెలిఫోన్ తీగలు పీకేసి, ఇంటింటికీ డిజిటల్ పెట్టె బిగించిన కంపెనీ వారికి ఈ కాలమ్ ముఖంగా సాష్టాంగ నమస్కారం చేస్తున్నాను. ఈ మధ్యకాలంలో మనుషులకు ఇంత మేలు చేసినవాళ్ళు ఇంకొకరు లేరు. నవ్వకండి, చాలా సీరియస్‌గా చెబుతున్నాను.

పాత ఫోన్ ఎంత అనాగరికంగా ఉండేదో గుర్తుందా? గోడలోంచి ఒక రాగితీగ వచ్చేది. ఇక్కడ నంబరు కొడితే అక్కడ మోగేది. అంతే! పాస్‌వర్డ్ లేదు, అప్‌డేట్ లేదు, మినుకుమినుకుమనే పచ్చలైటు లేదు. కరెంటు పోయినా సిగ్గూ ఎగ్గూ లేకుండా మోగుతూనే ఉండేది. ఇప్పుడో? కరెంటు పోగానే ఫోన్ కూడా మర్యాదగా దాని వెంటే పోతుంది. కరెంటు పోయిందని ఫోన్ చేసి కరెంటు ఆఫీసు వాళ్ళ నిద్ర చెడగొట్టే పాపం మనకు తప్పింది. ఇది మేలు కాదా?

పైగా విదేశాలు! పెట్టెలు పంచడానికి వచ్చిన కంపెనీ అధికారి మా వీధి వాళ్ళందరినీ నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు. ఒక దేశంలో రాగితీగ ఎప్పుడో తీసేశారట. ఇంకో దేశంలో మారుమూల పల్లెలో వెతికినా కనపడదట. మరో దేశంలో పిల్లలకు మ్యూజియంలో చూపిస్తున్నారట. మనమే వెనకబడిపోయామని ఆయన తల దించుకుంటే, మేమూ దించుకున్నాం. ఆ దేశాల్లో పెట్టెతో పాటు బ్యాటరీ కూడా ఇచ్చారని తర్వాతెప్పుడో తెలిసింది. మనవాళ్ళు వెళ్ళి తీగ పీకడం వరకు నేర్చుకొచ్చారు. ఈలోగా విమానానికి టైమైపోయి ఉంటుంది పాపం!

సరే, ఈ మేలు నిండుగా అందుకున్న అదృష్టవంతుడి సంగతి చెబుతాను. ఆయన స్వయానా మా బాబాయి. గడియారాలు బాగుచేస్తాడు. మా వీధిలోనే ఒక మేడలో పై అంతస్తు గదే ఆయనకు ఇల్లూ, దుకాణమూ. ఊరికి ఆ చివర ఆయన అక్క, అంటే మా అత్త, స్కూలు యూనిఫారాలు కుట్టుకుంటూ ఉంటుంది. ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు.

కారణం మా నానమ్మ గోడగడియారం. ఎవరూ ఎక్కడికీ ఆలస్యంగా వెళ్ళకూడదని నానమ్మ దాన్ని కావాలనే కాస్త ముందుకు తిప్పి పెట్టుకునేది. ఆవిడ పోయిన కొద్ది రోజులకే, చేతులు ఊరుకోక బాబాయి దాన్ని విప్పి, శుభ్రం చేసి, సరైన టైముకి తిప్పాడు. వృత్తిదోషం! అమ్మ పెట్టిన టైముని దిద్దే మొనగాడివయ్యావా అని అత్త మండిపడింది. ఈయనా తగ్గలేదు. తప్పు టైము చూపించే గడియారం నా చేతిలో ఉండదన్నాడు. నువ్వు ముందు పలకరిస్తే తప్ప నేను మాట్లాడనని ఇద్దరూ ఒకేలాంటి ఒట్టు పెట్టుకున్నారు.

ఆ ఏడే ఒక సాయంత్రం పెద్ద గాలివాన వచ్చింది. అత్త ఇంటి పైకప్పు రేకులది. బాబాయికి మనసాగక ఫోన్ చేశాడు. రెండు రింగులయ్యాక ఒట్టు గుర్తొచ్చి పెట్టేశాడు. కాసేపటికి ఇక్కడ ఫోన్ రెండుసార్లు మోగి ఆగింది. అక్క క్షేమం! ఆ రోజునుంచి దీపాలు పెట్టే వేళకి అటునుంచి రెండు రింగులు, ఇటునుంచి రెండు రింగులు. బాబాయి కంటికున్న భూతద్దం తీసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ రింగుల కోసం కూర్చునేవాడు. అవి మోగాకే అన్నం తినేవాడు.

సెల్‌ఫోన్లు లేవా అంటారా? ఇద్దరికీ ఉన్నాయి. కానీ సెల్‌ఫోన్‌లో పేరు పడుతుంది, పేరు పడితే పిలిచినట్టే అని అత్త సిద్ధాంతం. ఈ ఒక్క విషయంలో మాత్రం బాబాయి ఆవిడతో ఏకీభవించాడు.

పెట్టె బిగించిన రోజు సాయంత్రం ఫోన్ మోగలేదు. మర్నాడూ మోగలేదు. ఎత్తి చూస్తే లైను బ్రహ్మాండంగా ఉంది. తనే చేసి చూశాడు. చెవిలో రెండు రింగులు శుభ్రంగా వినిపించాయి, పెట్టేశాడు. జవాబు లేదు. అక్క ఎక్కడైనా పడిపోయిందేమోనని గది తాళం వేసి, ఊరి ఆ చివరికి వెళ్ళి ఆవిడ వీధి మలుపులో నక్కి నిలబడ్డాడు. కిటికీలో లైటు వెలుగుతోంది. కుట్టుమిషను చప్పుడు నిక్షేపంగా వినిపిస్తోంది.

అంటే ఒంట్లో బాగానే ఉంది. కావాలనే మానేసింది! పడిపోయి ఉంటే భయపడేవాడు. ఇప్పుడు భయానికి బదులు దుఃఖం వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత తను కొత్తగా చేసిన తప్పేమిటా అని దారంతా వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు. ఒక్కటీ దొరకలేదు.

చూశారా, మనిషికి ఆత్మపరిశీలన నేర్పే ఫోన్ ఏ దేశంలోనైనా ఉందా?

చివరికి కంపెనీ ఆఫీసుకు వెళ్ళాడు. టోకెన్ తీసుకుని కూర్చున్నాక చూసుకుంటే, ఎదుటి బల్ల మీద మోకాలు నిమురుకుంటూ అత్త! ఇద్దరూ చెరో గోడవైపు తిరిగారు. టోకెన్లు వెనకా ముందూ కావడంతో కౌంటర్ దగ్గర పక్కపక్కనే నిలబడక తప్పలేదు.

"నేను రోజూ రెండు రింగులు ఇస్తున్నానమ్మా. అవతలివాళ్ళకు అందుతున్నాయో లేదో కాస్త కనుక్కో," అని అత్త కౌంటర్ అమ్మాయిని అడిగింది.

"అందట్లేదు. ఇటునుంచి ఇచ్చేవి అందుతున్నాయేమో అడుగమ్మా," అన్నాడు బాబాయి, అదే అమ్మాయితో.

"మీ ఇద్దరికీ పరిచయం ఉందా?" అందా అమ్మాయి.

"లేదు," అన్నారిద్దరూ ఒక్కసారే.

ఆ పిల్ల ఓపిగ్గా వివరించింది. డిజిటల్ నెట్‌వర్క్‌లో ఫోన్ చేసినవాళ్ళకు మొదట వినిపించే రింగులు అసలు రింగులు కావట. లైను వెతుకుతున్నంతసేపు కస్టమరుకు విసుగు రాకుండా కంపెనీయే వినిపిస్తుందట. రెండింటికే పెట్టేస్తే అవతల ఫోన్‌కు ఆ సంగతే తెలియదట. పోనీ ఆగుదామా అంటే, అవతల ఒక్క రింగు పూర్తిగా మోగకముందే పెట్టెలోంచి ఒక ఆడగొంతు ఎత్తుకుని, బీప్ తర్వాత మీ సందేశం చెప్పమంటుంది. ఆ గొంతు తీసేయమని బాబాయి బతిమాలాడు. అది కంపెనీ ఉచితంగా ఇచ్చే సౌకర్యం, తీయడం కుదరదన్నారు.

ఎంత గొప్ప ఏర్పాటో గమనించండి! తొందరగా పెట్టేస్తే చేరదు, ఆగితే మాట్లాడాలి. మాట్లాడనివాడికి డిజిటల్ ప్రపంచంలో చోటు లేదు.

బాబాయికి మాత్రం అవేమీ చెవికెక్కలేదు. అక్క మానలేదు. ఇన్నాళ్ళూ ఇస్తూనే ఉంది. ఆ ఒక్క మాటే లోపల తిరుగుతుంటే, అద్దాలు తుడుచుకునే గుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. అత్త చూసింది. చూడనట్టు సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. బాబాయి గది చేరేలోపే కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. మీ సమస్య పరిష్కారమైంది, మాకెన్ని స్టార్లు ఇస్తారు?

మర్నాడు సాయంత్రం ఎవరో ఆయన గది తలుపు రెండుసార్లు తట్టారు. బాబాయి లేచి వెళ్ళి గడియ మీద చెయ్యి వేశాడు. తీయలేదు. తీస్తే ముందెవరు పలకాలి? లోపలినుంచి తనూ రెండుసార్లు తట్టాడు. ఆ తర్వాత ఒక్కో మెట్టు మీదా ఆగి ఆగి దిగుతున్న అడుగుల చప్పుడు కింది దాకా విన్నాడు. ఆ మోకాలితో ఆవిడ రెండు బస్సులు మారి వచ్చింది. ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు. పొద్దున్నే ఒక కుర్చీ తీసి తలుపు బయట వేశాడు.

ఇప్పుడు రోజూ ఇదే. ఆవిడ వస్తుంది, తడుతుంది, కాసేపు ఆ కుర్చీలో కూర్చుని వెళుతుంది. లోపల తలుపుకు ఆనుకుని ఈయన కూర్చుంటాడు. మోకాళ్ళ నొప్పికి నడక మంచిదంటారు కదా? డిజిటల్ నెట్‌వర్క్ వల్ల మా అత్తకు దక్కిన వ్యాయామం అది!

అభివృద్ధి అక్కడితో ఆగితే అది అభివృద్ధి ఎందుకవుతుంది? మొన్న ఆ మేడకు అదే కంపెనీ వాళ్ళు డిజిటల్ గేటు పెట్టడానికి వచ్చారు. గేటు పక్క పెట్టెలో ఎవరొచ్చారో పేరు చెప్పాలట. పైనున్నవాళ్ళు ఆ పెట్టెలోనే రమ్మని పలకాలట. అప్పుడే తెరుచుకుంటుందట. ఏ దేశంలో చూసినా ఇప్పుడు ఇదేనని అదే అధికారి మళ్ళీ ఉపన్యాసం ఎత్తుకున్నాడు. బాబాయి నా భుజం పట్టుకుని, నువ్వైనా అడగరా అన్నాడు.

అడిగాను. పేరు చెప్పకుండా, మాట పెగలకుండా, ఊరికే రెండుసార్లు తట్టి నేను బాగానే ఉన్నానని తెలియజేసే సౌకర్యం ఏదైనా ఉందా అని.

"అలాంటిది ఏ దేశంలోనూ లేదండీ," అన్నాడాయన, నా అజ్ఞానానికి జాలిపడుతూ.

ఉండేదండీ. మా వీధిలోనే ఉండేది. మీరే వచ్చి పీక్కుపోయారు.