మాత్ర ధర తగ్గించకండి, మీకు పుణ్యముంటుంది!

మందుల ధరలు తగ్గాలని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండిపోతుంది! అందులోనూ మత్తు అలవాటు మాన్పించే మాత్ర ధర అస్సలు తగ్గకూడదు. వీలైతే ఇంకాస్త పెంచాలి. నవ్వకండి, నేను సీరియస్‌గానే చెబుతున్నాను. ఈ విషయం మీద ఏడాదిగా పరిశోధన చేస్తున్నాను. నా పరిశోధనశాల మా అక్క వంటిల్లు.

ముందు మా బావ సంగతి చెప్పాలి. ఆయన లిఫ్టు మెకానిక్. ఇరవై రెండేళ్లుగా జనాన్ని పైకి చేర్చడమే ఆయన ఉద్యోగం. ఒకరోజు పనిలో కాలు జారి లిఫ్టు గుంతలో పడి, తనే కిందికి చేరాడు. నడుము విరిగింది. ఆపరేషన్ చేశారు. నొప్పి తగ్గడానికి మాత్రలిచ్చారు.

ఆ నొప్పి మాత్రలు ఎంత చవకనుకున్నారు! ఎంత సులువనుకున్నారు! డాక్టరు తలెత్తకుండానే మూడు నెలలకు సరిపడా రాసిచ్చాడు. బీమా కంపెనీ కిక్కురుమనకుండా బిల్లు కట్టింది. మందుల షాపాయన నవ్వుతూ ఇంకో డబ్బా సంచీలో వేశాడు. "మళ్లీ మళ్లీ తిరగడం ఎందుకండీ, ఉంచుకోండి" అన్నాడు. అంత మర్యాద మా పెళ్లిళ్లలో కూడా జరగలేదు!

నడుము నొప్పి పోయింది. మాత్ర మాత్రం పోలేదు. ఆరు నెలలు తిరిగేసరికి బావ మాత్ర వేసుకోవడానికే నిద్ర లేచేవాడు, వేసుకున్నాక మళ్లీ పడుకునేవాడు. కూతురు పలకరిస్తే గోడవైపు తిరిగేవాడు.

దీన్నిబట్టి ఏం తేలింది? చవగ్గా, సులువుగా దొరికేది మనిషిని పాడు చేస్తుంది! కాబట్టి బాగుచేసేది ఖరీదుగా, దొరక్కుండా ఉండాలి. ఇంత గొప్ప తర్కం నా బుర్రకు తట్టిందని గర్వపడ్డాను. తీరా చూస్తే పెద్దపెద్ద ఆఫీసుల్లో ఎప్పటినుంచో అమల్లోనే ఉందట!

చివరికి బావే ఒకరోజు అక్క దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "నావల్ల కావడం లేదే. ఎక్కడికైనా తీసుకెళ్లు" అన్నాడు. అక్క చేతిలో పని అలాగే వదిలేసి, ఇలాంటి అలవాట్లు మాన్పించే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆ డాక్టరమ్మ రోజూ నాలుక కింద పెట్టుకోమని ఒక మాత్ర ఇచ్చింది. మూడు వారాల్లో మా బావ మాకు తిరిగొచ్చాడు. అందరితో కలిసి భోంచేశాడు. కూతురి కబుర్లు విని నవ్వాడు. పక్క భవనంలో లిఫ్టు చప్పుడు విని, "దాని పట్టాలకి గ్రీజు పెట్టి ఎన్నాళ్లయిందో" అని విసుక్కున్నాడు కూడా. ఆ విసుగు విని అక్క ఏడ్చింది. మళ్లీ పనిలో చేరాడు. అప్పటినుంచి పదకొండు నెలలు ఆయన పాత మాత్ర ముట్టుకోలేదు.

చూశారా ప్రమాదం! ఇంత బాగా పనిచేసే మాత్రను అడిగినవాడికల్లా ఇచ్చేస్తే దాని గౌరవం ఏం కాను?

అందుకే మందుల షాపు తగిన జాగ్రత్తలు తీసుకుంది. ఈ మాత్ర వారానికి సరిపడానే ఇస్తారు. ప్రతి వారం కొత్త చీటీ కావాలి. చీటీ ఉంటే స్టాకు ఉండదు. స్టాకు ఉంటే సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉంటాడు. వెనకటి మర్యాదస్తుడైన ఆ షాపాయనే ఇప్పుడు మెడ సాచి, లైను చివరిదాకా వినపడేలా, "అలవాటు మాన్పించే మాత్ర ఎవరికండీ?" అని అరుస్తాడు. జనమంతా రెండడుగులు వెనక్కి వేస్తారు. అంత రద్దీలో బావకు గాలాడేంత చోటు దొరుకుతుంది. మామూలు జలుబు మాత్రకు వెళ్లినవాడికి ఈ భాగ్యం ఉందా, చెప్పండి!

ఈ మాత్రల బిల్లు బీమా కంపెనీ కట్టేది. ఏడాది దగ్గరపడగానే, మాత్ర ఇంకా అవసరమో లేదో తేల్చడానికి రోగి స్వయంగా హాజరు కావాలని కబురు చేసింది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అక్క కాగితాలన్నీ సర్దింది. కుటుంబంలో రాతగాణ్ణి కదా అని నన్నూ వెంటబెట్టుకెళ్లారు.

ఆఫీసు ఆరో అంతస్తులో ఉంది. మేం వెళ్లేసరికి లిఫ్టు నాలుగుకీ ఐదుకీ మధ్య ఇరుక్కుపోయింది. లోపల్నుంచి ఎవరో తలుపు బాదుతూ కేకలు పెడుతున్నారు. వాచ్‌మన్ కంగారుగా ఫోన్లు చేస్తున్నాడు. మెకానిక్ రావడానికి రెండు గంటలు పడుతుందట.

బావ ఆగుతాడా? "తాళం ఏదయ్యా?" అని వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని పైన మెషిన్ గదికి వెళ్లాడు. మెయిన్ ఆపి, చక్రం చేత్తో తిప్పుతూ, బ్రేకు కొద్దికొద్దిగా వదులుతూ, అంగుళం అంగుళం లిఫ్టును నాలుగో అంతస్తుకు దించాడు. కిందికొచ్చి తలుపు తెరిచాడు. లోపల కళ్లజోడాయన ఒక చేత్తో ఫైలు, ఇంకో చేత్తో టీ కప్పు పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. టీ ఒక్క చుక్క ఒలకలేదు!

ఆయన బావ చేతులు పట్టుకుని వదల్లేదు. "ఎంత నిలకడండీ మీ చేతికి! కుదుపే తెలీలేదు" అన్నాడు. ఆ కళ్లజోడాయనే మా ఫైలు చూడాల్సిన ఆఫీసరని తెలిసి మేం ముగ్గురం మురిసిపోయాం. ఇంక మన పని అయిపోయినట్టే అని అక్క నన్ను మోచేత్తో పొడిచింది.

నిజంగానే అయిపోయింది. పది రోజులకు ఉత్తరం వచ్చింది. "రోగి శారీరకంగా దృఢంగా ఉన్నట్లు, చేతులలో వణుకు లేనట్లు మా అధికారి స్వయంగా గమనించారు. కావున సదరు మాత్రల అవసరం లేదని నిర్ణయించడమైనది."

గొడుగు వేసుకున్నవాడు తడవలేదు కనక గొడుగు లాగేసుకున్నారన్నమాట. ఎంత పొదుపు!

"నీకెందుకయ్యా ఆ పెత్తనం? రెండు గంటలు ఆయన్ని లోపలే ఉండనియ్యకపోయావా?" అని అక్క బావ మీద విరుచుకుపడింది. "లోపల మనిషున్నాడే" అన్నాడు బావ.

సరే, సొంత డబ్బుతో కొందామనుకున్నాం. దీనికి జనరిక్ ఉందని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. జనరిక్ అంటే తెలుసుగా? మందు అదే, కంపెనీ పేరు ఉండదు, అందుకని చవక. పేరున్న మాత్ర ధర వింటే గుండె వెంటనే ఆగుతుంది. జనరిక్ ధర వింటే ఇంటికెళ్లాక ఆగుతుంది. ఆ తేడాకే చవక అని పేరు! నెల మాత్రలకు బావ జీతంలో సగం పోతుంది. మిగతా సగం ఇంటద్దె.

అయితే ఆ ధర వల్ల మా కుటుంబం ఎంత ఎదిగిందో చూడండి. చిన్నప్పుడు లెక్కల్లో నాలుగు మార్కులు తెచ్చుకున్న మా అక్క ఇప్పుడు ఒక మాత్రను బ్లేడుతో నాలుగు సమభాగాలు చేస్తోంది. పళ్లెం బోర్లించి, దానిమీద మాత్ర పెట్టి, ఊపిరి బిగబట్టి కోస్తుంది. ఆ సమయంలో ఫ్యాను వేయకూడదు, ఎవరూ తుమ్మకూడదు. రాలిన పొడిని బావ తడి వేలితో అద్దుకుంటాడు. "డాక్టరమ్మకి చెప్పావా?" అని అడిగాను. "చెబితే పూర్తి మాత్ర వేసుకోమంటుంది" అంది అక్క.

పావు మాత్రతో బావకు చలి, ఆవలింతలు, కాళ్లలో తీపులు మొదలయ్యాయి. నిన్న పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. అక్క పెట్టింది. ఇప్పుడు పిలవాలి ఆ ఆఫీసరును, చేతులు చూడటానికి!

ఉత్తరంలో ఇంకో దారి కూడా చూపించారు, కంపెనీ వాళ్లు దయగలవారు. మాత్ర పూర్తిగా ఆపేసి, కౌన్సెలింగు మాత్రమే చేయించుకోవాలి. అది విఫలమై రోగి మళ్లీ పాత అలవాటులో పడితే, పడిన తేదీ వేసి కొత్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పుడు మాత్రలిస్తారట.

బావ పనిమంతుడు. లిఫ్టు ఆపాలంటే ముందు డైరీ చూస్తాడు, జనానికి ఇబ్బంది లేని రోజు ఎంచి బోర్డు పెడతాడు. ఈ ఉత్తరం చదివాక కూడా ఆ డైరీయే తీశాడు. "మంగళవారం ఆసుపత్రి లిఫ్టు సర్వీసింగుంది, కుదరదు. శుక్రవారంతో పిల్ల పరీక్షలైపోతాయి. శనివారం పడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఏమోయ్ బావమరిదీ, శనివారం నువ్వు ఖాళీయేనా? తోడుండాలి" అన్నాడు.

ఎప్పుడూ హాస్యమాడని మనిషి. అప్పుడూ ఆడలేదు. మళ్లీ ఆ పాత మాత్ర వేసుకుంటే ఆయన లేస్తాడో లేవడో ఎవరికీ తెలీదు. కొన్నాళ్లు మానిన ఒంటికి పాత మోతాదే విషమవుతుందని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. నాకు భయం వేసింది. ఖాళీ లేదని అబద్ధమాడాను.

అక్క డైరీ లాక్కుని మూసేసింది. ఆ విసురుకు కంపెనీ కవరు కిందపడి, లోపల మేం చూడని కాగితం ఇంకొకటి బయటికొచ్చింది. రోగి మరణిస్తే కుటుంబం నింపాల్సిన ఫారం. ఒకే ఒక్క పేజీ. ఆఫీసరు ముందు హాజరు అక్కర్లేదు, వారం వారం కొత్త చీటీ అక్కర్లేదు. ఏడు పని దినాల్లో డబ్బు నేరుగా ఖాతాలో వేస్తారట.

అక్క అందులో అంకె చూసి, వేళ్ల మీద ఏదో లెక్కేసింది. "దీంతో ముప్పై ఒక్క ఏళ్లు మాత్రలు కొనొచ్చురా" అంది.

"మరి ఆ మాత్రలే ఇవ్వచ్చుగా! ఇది ఇంత సులువుగా ఎలా ఇస్తున్నారక్కా?" అన్నాను.

అక్క బావవైపు చూడకుండా ఆ కాగితం మడిచింది.

"పోయినవాడు వచ్చే నెల మళ్లీ అడగడు కదరా."