కెర్నల్‌కు చెప్పుల ఓటు

పదకొండు గంటలలోపు వరుసలో ఉన్న బండ్లన్నీ తూచేయాలని ఆ ఉదయం ఉదయ్ భాస్కర్ గట్టిగా అనుకున్నాడు. సత్తుపల్లి దగ్గరి పామాయిల్ గెలల కేంద్రంలో కంప్యూటర్లు చూసుకునేది అతనే. గేటు బయట రైతులు యూరియా కోసం పెట్టినట్టే చెప్పులు వరుసగా పెట్టి, రేకుల షెడ్డు కింద కూర్చున్నారు. మొదటి జత దూలయ్యది. అతని గెలలు నిన్న కోసినవి. ఒంటి గంటకు గేటు మూసేలోపు తూగకపోతే రేపటికి మెత్తబడతాయి, ఫ్యాక్టరీ తీసుకోదు.

తీరా చూస్తే కాటా చూపే బరువు ఆఫీసు కంప్యూటర్‌కు చేరడం లేదు. మధ్యలో కాపలా కాసే ఫైర్‌వాల్ దాన్ని ఆపేస్తోంది. ఎందుకు ఆపుతోందో మాత్రం చెప్పదు.

"పాత కెర్నల్‌తో స్టార్ట్ చేద్దాం సార్. ఫైర్‌వాల్‌ల ఏ రూలు ఆపిందో అదే చూపిస్తది," అంది అతని కింద పనిచేసే షబ్నమ్.

ఆ సౌకర్యాన్ని పోయిన నెల పీకేసింది ఉదయ్ భాస్కరే. "కెర్నల్ తేలిగ్గుండాలమ్మా. తప్పులు వెతికే పని బయటి ప్రోగ్రాం చేసుకోవాలె."

"ఆ ప్రోగ్రాం ఏది సార్?"

"రాస్తున్న."

నిజంగానే కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. అతనిది ఉడుంపట్టు. రెండు గంటలు గడిచాయి.

దూలయ్య కిటికీ దగ్గరికి వచ్చాడు. "కెర్నల్ అంటే ఏంది సారూ?"

"కంప్యూటర్‌కు యజమాని అనుకో. ఫైర్‌వాల్ వాకిట్ల కాపలా కుక్క."

"మరి వాకిట్ల కుక్క ఎవర్ని ఆపిందో యజమానికి తెల్వద్దా?"

"అన్నీ యజమానే చూస్తే సేద్యమెవరు చేస్తరు? అది జీతగాడు చూసుకోవాలె."

రెండు మాటలూ న్యాయంగానే ఉండేసరికి రైతులు రెండు జట్లయి అరుచుకోసాగారు. "ఓటు పెడదాం," అన్నాడు దూలయ్య. "తప్పులు వెతికే పని కెర్నల్ లోపలుండాలన్నోళ్ల చెప్పులు కుడికి, బయటన్నోళ్లయి ఎడమకు." అందరూ వరుసలోని చెప్పులే తీసి కుప్పలు పోశారు. కుడి కుప్ప పెద్దదయింది. ఉదయ్ భాస్కర్ పళ్లు నూరుతూ పాత కెర్నల్ ఎక్కించాడు.

రెండు నిమిషాల్లో తెర మీద జవాబు వచ్చింది. ఆపింది ఏడో రూలు. పక్కనే రాసినవారి పేరు: షబ్నమ్, నిన్న సాయంత్రం.

ఆమె ముఖం పాలిపోయింది. "గిట్లాంటివి కెర్నల్‌లో ఉండొద్దు సార్," అంది నెమ్మదిగా.

"ఉండాల్సిందేనమ్మా," అన్నాడు ఉదయ్ భాస్కర్, మునుపటి పట్టుదలతోనే.

రూలు తీసేయగానే కాటా నడిచింది. కానీ ఎవరి బండి ముందో చెప్పే వరుస కుప్పల్లో కలిసిపోయింది. బలమున్నవాళ్లు ముందుకు దూరారు. చెప్పులు వెతుక్కుంటున్న దూలయ్య బండి ఆఖరుకు చేరింది. ఒంటి గంటకు గేటు మూయబోతే షబ్నమ్ అడ్డం నిలబడింది. తన తప్పుకు ఆ ముసలాయన నష్టపోతాడని ఆమెకు బాధేసింది. అన్నం మానేసి అతని గెలలు తూచింది.

"అందరికీ దొరికినయి కదా పెద్దయ్యా, నీ చెప్పులకే గంత సేపెందుకు పట్టింది?"

"ఎవరు గెలిచినా మనకు మంచిదేనని కుడికొకటి, ఎడమకొకటి ఏసిన బిడ్డా."